ఫ్రెంచి రిజిస్టర్లలో యానాం తాతముత్తాతలను పట్టుకోవడం ఎలా

"మా ముత్తాత ఫ్రెంచివాడండీ, పేరు లూయీ" అని చెప్పేవాళ్ళు యానాంలోనూ పాండిచ్చేరిలోనూ, వాళ్ళ చుట్టాలుండే కాకినాడలోనూ తగులుతూనే ఉంటారు. కావచ్చు, కాకపోవచ్చు. ఫ్రెంచి పేరు ఉన్నంత మాత్రాన ఫ్రెంచి రక్తం ఉన్నట్టు కాదు. ఆ పేరు చర్చిలో పెట్టిందో, కచేరీలో సంతకం పెట్టి ఎంచుకున్నదో, గుమస్తా చెవికి అలా వినబడిందో కాగితం చూస్తే తప్ప తేలదు. మనకి కలిసొచ్చే సంగతి ఏంటంటే ఆ కాగితం చాలావరకు మిగిలే ఉంది. 1776 జూన్‌లో ఫ్రాన్స్ రాజు ఒక శాసనం చేశాడు. వలసల్లో రాసే జనన, వివాహ, మరణ రిజిస్టర్లకి అదనంగా ఒక ప్రతి తీసి ఫ్రాన్స్‌కి పంపాలని, అవన్నీ దాచడానికి వర్సాయ్‌లో ప్రత్యేకంగా ఒక చోటు పెట్టాలని. అందుకే ఇక్కడి ప్రతిని చెదలు తిన్నా గోదారి ముంచినా అక్కడిది బతికింది. 1839 నవంబరు తుపాను కోరంగి రేవునే తుడిచిపెట్టేసిందంటే, పక్కనున్న యానాంలో బీరువాల గతి మీరే ఊహించుకోండి.

ఇది ముఖ్యంగా యానాంతో సంబంధం ఉన్న తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. పాండిచ్చేరి, కారైక్కాల్ కుటుంబాలకీ పద్ధతి ఇదే, పేర్ల తీరులోనే తేడా. చేతిలో ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక ఉంటే చాలు, ఫ్రెంచి భాష రానక్కర్లేదు.

ముందు నాలుగు తేదీలు గుర్తు పెట్టుకోండి

మీ మనిషి ఏ కాలంవాడో తేలితే ఏ ఆఫీసు తలుపు కొట్టాలో తేలుతుంది. ఫ్రెంచివాళ్ళు యానాంలో మొదట వర్తక స్థావరం పెట్టింది 1723లో. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడల్లా ఊరు చేతులు మారింది, 1814 పారిస్ ఒప్పందం తర్వాతే ఫ్రెంచివాళ్ళకి స్థిరంగా తిరిగొచ్చింది. కాబట్టి మధ్యలో కొన్నేళ్ళు రిజిస్టర్లలో ఖాళీ కనబడితే కంగారు పడకండి. 1954 జూన్ 13న విలీనవాదులు యానాం పాలన చేతిలోకి తీసుకున్నారు, ఆ ఏడాది నవంబరు 1 నుంచి అప్పటికి మిగిలిన ఫ్రెంచి ప్రాంతాలన్నీ వాస్తవంగా భారత పాలనలోకి వచ్చాయి. చట్టప్రకారం బదిలీ జరిగింది మాత్రం 1962 ఆగస్టు 16న. ఈ చివరి తేదీ మీద జాతీయత గొడవలన్నీ ఆధారపడి ఉంటాయి, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంట్లో మొదలుపెట్టండి, ఇంటర్నెట్‌లో కాదు

అటక మీద ట్రంకుపెట్టె దించండి. వెతకాల్సినవి ఇవీ: పెళ్ళప్పుడు దంపతులకి ఇచ్చే చిన్న కుటుంబ పుస్తకం (ఫ్రెంచిలో లివ్రే ద ఫమీయ్ అంటారు, అందులో భార్యాభర్తల వివరాలు, పుట్టిన పిల్లల పేర్లు వరసగా ఉంటాయి, ఇది దొరికితే సగం పని అయిపోయినట్టే), సైన్యం పింఛను కాగితాలు, ఫ్రెంచి బడి సర్టిఫికెట్లు, నోటరీ రాసిన భూమి దస్తావేజులు, బాప్టిజం సర్టిఫికెట్, ఫోటోల వెనక రాతలు. ప్రతి దాన్నీ రెండు వైపులా ఫోటో తీయండి. ఖాళీగా కనిపించే వెనకవైపు ఒక ముద్ర, ఒక నంబరు ఉండొచ్చు, ఆ నంబరే తర్వాత తాళంచెవి అవుతుంది.

తర్వాత పెద్దవాళ్ళని అడగండి. అడిగే పద్ధతి ముఖ్యం. "మనం ఎక్కణ్ణుంచి వచ్చాం మామ్మా" అంటే కథలు వస్తాయి. కథలు బాగుంటాయి గాని రిజిస్టరులో వెతకడానికి పనికిరావు. "నీ పుట్టింటి ఇంటిపేరేంటి, మీ అమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరేంటి, మీ నాన్నని బయట ఏమని పిలిచేవాళ్ళు, బళ్ళో ఏ పేరు, చర్చి ఏది, మీ ఇల్లు మెట్టకూరులోనా కనకాలపేటలోనా ఫరంపేటలోనా" ఇలా అడగండి. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు ఎందుకంత అవసరమో కింద చెప్తాను, అది తెలియకపోతే పని నిజంగానే ఆగిపోతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. "మా తాతయ్య పెళ్ళి యానాంలో జరిగింది" అనే మాట విని యానాం వంశవృక్షం గీసేయకండి. శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి, ఆ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం పిల్లల్ని బళ్ళలో ఎక్కించుకుని వచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. యానాంకి కల్యాణపురం అనే పేరు అందుకే వచ్చింది. మీ తాతగారు ఆ గుంపులో ఒకరైతే ఆయన పుట్టుక కాగితం ఫ్రెంచి రిజిస్టరులో ఉండదు, పాత తూర్పుగోదావరి జిల్లా కచేరీల్లో వెతుక్కోవాలి.

పేరు: ఇక్కడే ఎక్కువమంది దారి తప్పేది

తెలుగువాళ్ళకి ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు తర్వాత. ఫ్రెంచి ఆఫీసు పద్ధతీ అదే, వంశనామం ముందు, పెట్టిన పేర్లు తర్వాత. తమిళ కుటుంబాల్లో ఇంటిపేరు లేక తండ్రి పేరే వంశనామం గడిలోకి ఎక్కింది, అందువల్ల ఒక్కో తరానికి ఒక్కో పేరుగా మారిపోతూ కనిపిస్తుంది. తెలుగు కుటుంబంలో ఇంటిపేరు నిలబడింది కాబట్టి మూడు తరాలు వెనక్కి పోవడం సులువు. సులువు అంటే, అది ఎలా రాశారో పసిగట్టగలిగితే.

ఒక పేరు చూడండి: దడాల రఫేల్ రమణయ్య. యానాం విలీనోద్యమ నాయకుడు, చరిత్రలో ఉన్న మనిషి. దడాల ఇంటిపేరు, రఫేల్ క్రైస్తవ నామం, రమణయ్య అచ్చ తెలుగు పేరు. ఒకే మనిషిని చర్చి రఫేల్ అని, ఊరు రమణయ్య అని, కచేరీ దడాల అని పిలవగలదు. మీ ముత్తాత "లూయీ" కూడా ఇలాంటివాడే అయ్యుండొచ్చు, కాబట్టి మీ దగ్గరున్న ఒక్క పేరునే పట్టుకుని కూర్చోకండి.

ఇక రాత. ఫ్రెంచి గుమస్తా తన చెవికి వినబడింది తన అక్షరాల్లో రాశాడు. ఇంగ్లీషు అలవాటుతో వెతికితే ఒక్కటీ దొరకదు. ఈ మార్పులు నోటుపుస్తకంలో రాసుకోండి. "ఉ" శబ్దానికి యు ఒక్కటే రాయరు, ఓ, యు కలిపి రాస్తారు, కాబట్టి నాయుడు చివర డి తర్వాత ఓ, యు ఉంటాయి, మధ్యలో ఐ మీద రెండు చుక్కలు కూడా. "చ" అంటే టి, సి, హెచ్. "శ", "ష" అంటే సి, హెచ్ మాత్రమే, అందుకే శెట్టి కాస్తా సి, హెచ్‌తో మొదలవుతుంది. "జ" ముందు డి వచ్చి చేరుతుంది. "క"కి కె బదులు సి రావొచ్చు, కాబట్టి కనకాలపేటని సి కింద కూడా చూడండి. "హ" వాళ్ళు పలకరు, హనుమంతు ఎ కింద దొరికితే ఆశ్చర్యం లేదు. రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్ రాస్తే వాళ్ళకి "జ్" అని వినబడుతుంది కాబట్టి "స"ని నిలబెట్టడానికి రెండు ఎస్‌లు వేస్తారు, స్వామి పేర్లన్నీ అలాగే ఉంటాయి. ఊరి పేరే చూడండి, యానాంని వాళ్ళు వై, ఎ, ఎన్, ఎ, ఓ, ఎన్ అని రాసి యానోఁ అని ముక్కుతో పలికారు.

గుమస్తా తెలుగువాడా తమిళుడా అన్నది కూడా అక్షరాల్లో తెలిసిపోతుంది. 1950ల యానాం రాజకీయాల్లో సమతం కృష్ణయ్య పేరు ఫ్రెంచి రాతలో కె, ఆర్, ఓ, యు, ఎస్, సి, హెచ్ అని మొదలవుతుంది, అంటే క్రుష్ణయ్య అని మనవాళ్ళు పలికినట్టే. అదే కృష్ణస్వామి తమిళ గుమస్తా చేతిలో పడితే కిచెనస్సామి అయింది. వెంకట కాస్తా వింగడ అయింది, లక్ష్మి లత్చుమి అయింది. ఒకే మనిషి పుట్టినప్పుడు యానాంలో ఒకలా, ఉద్యోగానికి పాండిచ్చేరి వెళ్ళాక ఇంకోలా నమోదు కావడం మామూలే. అది ఇద్దరు మనుషులని తేల్చేసేముందు తండ్రి పేరు, వయసు, పేట పోల్చుకోండి.

మన పేర్లు పెట్టే ఆచారాన్ని కూడా ఆధారంగా వాడుకోండి. పెద్ద మనవడికి తాత పేరు పెట్టుకుంటాం కదా, అందువల్ల ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ప్రతి రెండో తరంలో మళ్ళీ కనిపిస్తుంది. 1870లో ఒక సూర్యనారాయణ, 1920లో ఒక సూర్యనారాయణ ఉంటే రెండోవాడు మొదటివాడి మనవడేమో చూడండి, ఇద్దర్నీ ఒక్కణ్ణి చేయకండి. కాథలిక్ ఇళ్ళలో కూడా దాదాపు ఇదే. బిడ్డకి జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి (బాప్టిజం అప్పుడు బిడ్డ తరఫున నిలబడే పెద్దలు) పేర్లు పెట్టే అలవాటు ఉంది, ఆ జ్ఞానతల్లిదండ్రులు తరచు తాతలో మామ్మలో మేనమామలో అయి ఉంటారు. బాప్టిజం రిజిస్టరులో వాళ్ళ పేర్లు తప్పక రాసుకోండి, ఎందుకంటే వంశంలో ఇంకో కొమ్మకి అవే దారి. ఒక బిడ్డకి మూడు నాలుగు పేర్లు వరసగా ఉంటాయి, మేరీ, జోసెఫ్ లాంటివి సగం మందికి ఉంటాయి గనక వాటితో మనిషిని గుర్తుపట్టలేం, చివరి పేరో మధ్య పేరో వాడుకలో ఉన్నది అయ్యుంటుంది.

దేవుళ్ళ పేర్లు కూడా ఊళ్ళని పట్టిస్తాయి. అప్పలస్వామి, సింహాద్రి, పైడితల్లి, సన్యాసి అని కనబడితే ఆ కుటుంబం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిందేమో అని అనుమానించండి. నూకరాజు, నూకాలమ్మ అంటే కాకినాడ, అనకాపల్లి వైపు. మావుళ్ళు అంటే భీమవరం. మాణిక్యాంబ అంటే ద్రాక్షారామం దగ్గరివాళ్ళు. ఇవి రుజువులు కావు, కానీ ఎటు వెతకాలో చెబుతాయి.

చివరిగా ఆడవాళ్ళు. ఫ్రెంచి చట్టంలో జనన పత్రంలో ఉన్న పేరే మనిషి పేరు, విప్లవకాలం నుంచీ అంతే. పెళ్ళయినా స్త్రీ దస్తరాల్లో తన పుట్టింటి వంశనామంతోనే ఉంటుంది, ఫలానావారి భార్య అని పక్కన రాస్తారు. మన ఇళ్ళలో కోడలు అత్తింటి ఇంటిపేరుతో చలామణి అయిపోతుంది. మీ మామ్మని ఆమె అత్తింటి పేరుతో ఫ్రెంచి రిజిస్టరులో జీవితాంతం వెతికినా దొరకదు. పెద్దవాళ్ళని పుట్టింటి పేరు ముందే అడగమన్నది ఇందుకే.

ఇప్పుడు ఆన్‌లైన్‌లోకి వెళ్ళండి

ఫ్రాన్స్‌లో ఎక్సాన్‌ప్రొవాన్స్ అనే ఊళ్ళో వలసల జాతీయ దస్తర భాండాగారం ఉంది, దాన్ని అందరూ ఆనోమ్ అంటారు. వర్సాయ్‌లో దాచిన ఆ పాత ప్రతులు చివరికి చేరింది అక్కడికే. వాళ్ళ వెబ్‌సైట్‌లో పౌర నమోదు (ఎతా సివిల్) విభాగం తెరిచి, ప్రాంతం ఇండియా అని, ఊరు యానాం ఫ్రెంచి స్పెల్లింగ్‌తో ఎంచుకోండి. డబ్బు కట్టక్కర్లేదు, ఇంట్లో కూర్చుని పేజీలు తిప్పొచ్చు.

పేరు టైపు చేసి దొరకలేదని వదిలేయకండి. ఎక్కువ రిజిస్టర్లకి పేర్లవారీ సూచిక కంప్యూటర్లో లేదు, పేజీల బొమ్మలే ఉన్నాయి. ఏం చేయాలంటే సంవత్సరం ఎంచుకుని నేరుగా చివరి పేజీలకి వెళ్ళండి, ఆ ఏడాది పట్టిక అక్కడ ఉండొచ్చు. పదేళ్ళకి ఒకసారి వేసిన పట్టికలు దొరికితే ఇంకా మంచిది. యానాం చిన్న ఊరు, ఒక ఏడాది పుస్తకం మొత్తం తిరగేసినా ఒక సాయంత్రం పని. ఇంటిపేరు ఎన్ని రకాలుగా రాయొచ్చో కాగితం మీద పెట్టుకుని అన్నీ చూడండి.

ఎప్పుడూ దగ్గరి కాలం నుంచి వెనక్కి నడవండి. తాత మరణం, తాత పెళ్ళి, తాత పుట్టుక, అప్పుడు ముత్తాత. పెళ్ళి పత్రం అన్నిటికన్నా విలువైంది, రెండు వైపుల తల్లిదండ్రులూ ఒక్క కాగితంలో దొరుకుతారు. "బుస్సీ దొర సైన్యంలో మా పూర్వీకుడు" అని 1757లో మొదలుపెట్టి ముందుకి రావాలని చూసేవాళ్ళు ఎక్కడికీ చేరరు, చేరినా అది వేరేవాళ్ళ పూర్వీకుడు అవుతాడు.

18వ శతాబ్దపు పుస్తకాలు చర్చి రాసినవి, అంటే అందులో ఉన్నది క్రైస్తవులే. హిందూ, ముస్లిం కుటుంబాలు దస్తరాల్లోకి ఎక్కింది 19వ శతాబ్దంలో, క్రమక్రమంగా. కాబట్టి హిందూ కుటుంబం అయితే ఒక చోట దారం తెగిపోతుంది, అక్కణ్ణుంచి భూమి కాగితాలు, నోటరీ దస్తావేజులే గతి.

పత్రం చదవడం

మొదటిసారి చూస్తే గొలుసుకట్టు రాత, టెన్షన్ వస్తుంది. కానీ అన్ని పత్రాలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, పది చదివితే పదకొండోది కళ్ళు మూసుకుని చదవొచ్చు. నేను ఇక్కడ ఒక నమూనా జనన పత్రం అల్లి చెప్తాను. మొదటి వాక్యం తేదీ, అంకెల్లో కాదు, మాటల్లో: మిల్ ఉయీ సాఁ కాత్ర్ వాఁ దూజ్. వెయ్యి, ఎనిమిది వందలు, నాలుగు ఇరవైలు, పన్నెండు. అంటే 1892. ఫ్రెంచివాళ్ళు ఎనభైని నాలుగు ఇరవైలని, తొంభై రెండుని నాలుగు ఇరవైల పన్నెండని అంటారు. ఇది తెలియక కాత్ర్ వాఁ దగ్గరే ఆగిపోయి 1880 అని రాసుకుంటే మనిషి పన్నెండేళ్ళు ముసలాడైపోతాడు.

తర్వాత గంట, ఆ తర్వాత కచేరీకి వచ్చి చెప్పినవాడి పేరు, వయసు, వృత్తి, పేట. సాధారణంగా ఆయనే తండ్రి. వయసు సుమారుగా చెప్పిందే, ఐదేళ్ళు అటూ ఇటూ ఉంటుందని లెక్కేసుకోండి. వృత్తి దాటేయకండి, నేతపని అనో వ్యాపారం అనో పడవపని అనో ఉంటే అదే పేరుగల ఇద్దర్ని విడదీయడానికి అదే ఆధారం. చాలా పత్రాల్లో కులం కూడా రాశారు. ఆ తర్వాత బిడ్డ, ఆడా మగా, పేరు, తల్లి పేరు. చివర ఇద్దరు సాక్షులు. ఈ సాక్షుల్ని చాలామంది పట్టించుకోరు, కానీ వాళ్ళు పిన్నాన్నలో, బావలో, ఎదురింటివాళ్ళో అవుతారు. అట్టడుగున సంతకాలు. ఫ్రెంచి పత్రంలో మీ ముత్తాత గుండ్రంగా తెలుగులో సంతకం చేసి ఉండటం మీరు చూడొచ్చు, అప్పుడు గుమస్తా స్పెల్లింగ్ ఏదైనా అసలు పేరేంటో ఆయన చేతిరాతలోనే ఉంటుంది. సంతకం రానివాళ్ళ విషయం రాతలో చెప్పేస్తారు.

ఎఫ్, ఇ, యు అనే మూడక్షరాల మాట పేరుకి ముందు వస్తే ఆ మనిషి అప్పటికే చనిపోయాడని. వి, ఇ, యు, వి, ఇ అంటే వితంతువు. తండ్రి పేరు లేకుండా తల్లి పేరుతోనే బిడ్డ నమోదై ఉంటే వెంటనే తెల్లదొర కథలు అల్లకండి, ఆ తర్వాత సంవత్సరాల్లో తల్లిదండ్రుల పెళ్ళి పత్రం ఉందేమో, అందులో బిడ్డని తమ బిడ్డగా చెప్పుకున్నారేమో చూడండి. పేజీ అంచున సన్నగా రాసిన మాటలు కూడా చదవండి. జనన పత్రం అంచున పెళ్ళి వివరం రాయడం ఫ్రెంచి చట్టంలోకి 1897లో వచ్చింది, అలాంటి ఒక్క వరస ఉంటే భార్య పేరు, తేదీ, ఊరు వెతక్కుండానే దొరుకుతాయి.

అసలు ఆ "లూయీ" ఎక్కణ్ణుంచి వచ్చాడు?

1881 సెప్టెంబరు 21న ఒక డిక్రీ వచ్చింది. ఫ్రెంచి ఇండియాలో ఏ కులం, ఏ మతం వాళ్ళయినా, 21 ఏళ్ళు నిండితే, తమ సంప్రదాయ ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి రావొచ్చు. ఒకసారి వదిలితే వెనక్కి తీసుకోవడం లేదు, భార్యకి, మైనరు పిల్లలకి కూడా అదే వర్తిస్తుంది. వీళ్ళని రెనోన్సాఁ అంటారు. వదులుకునేటప్పుడు ఒక వంశనామం ప్రకటించాలి, అది ఇకముందు పిల్లలందరికీ ఇంటిపేరు. అలా ఎంచుకున్నవే ఈ ఫ్రెంచి పేర్లలో చాలావరకు. పాండిచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై సంగతి ప్రసిద్ధం. 1873లో బూట్లు వేసుకుని కోర్టుకి వచ్చాడని గొడవైన మనిషి, తర్వాత తన సంప్రదాయ చట్టాన్ని వదులుకుని లాపోర్త్ అనే వంశనామం తీసుకున్నాడు. ఆయన మనవలు లాపోర్త్‌లే, అందులో ఫ్రెంచి తాత ఎవరూ లేడు. కొందరు ఇలా ఫ్రెంచి మాటలు ఎంచుకున్నారు, కొందరు ఒక క్రైస్తవ నామాన్నే వంశనామం చేసుకున్నారు, కొందరు తండ్రి పేరునో ఉన్న ఇంటిపేరునో అలాగే ఉంచేశారు. ఎక్కువమంది పాండిచ్చేరి, కారైక్కాల్ వాళ్ళు, వాళ్ళలోనూ క్రైస్తవులు, కులం బరువు మోస్తున్నవాళ్ళు ఎక్కువ.

కాబట్టి మీ ఇంట్లో ఫ్రెంచి ఇంటిపేరు ఉంటే 1881 తర్వాతి సంవత్సరాల్లో ఈ వదులుకున్న పత్రం వెతకండి. అందులో పాత పేరు, కొత్త పేరు రెండూ పక్కపక్కన ఉంటాయి. ఆ ఒక్క కాగితం లేకుండా వెనక్కి పోలేరు, ఎందుకంటే దానికి ముందున్న తరం వేరే పేరుతో ఉంది. అడ్డదారి ఒకటుంది: 1884 నుంచి కొన్నేళ్ళు ఓటర్ల జాబితాలు మూడుగా వేశారు, యూరోపియన్లు ఒకటి, వదులుకున్నవాళ్ళు ఒకటి, వదులుకోనివాళ్ళు ఒకటి. మీ ముత్తాత ఏ జాబితాలో ఉన్నాడో చూస్తే వాదన అక్కడితో ముగుస్తుంది.

నిజంగానే ఓడ దిగిన ఫ్రెంచివాడైతే

అలాంటివాళ్ళూ ఉన్నారు, తక్కువే గాని. అప్పుడు ఆనోమ్‌లోనే పాత వలస ఉద్యోగుల వ్యక్తిగత ఫైళ్ళు ఉన్నాయి, 17, 18 శతాబ్దాలవి, స్కాన్ చేసి పెట్టారు. ఫ్రెంచి ఈస్టిండియా కుంఫిణీ ఓడల్లో వచ్చినవాడైతే ఓడ సిబ్బంది జాబితాలు ఫ్రాన్స్ రక్షణశాఖ నడిపే మెమ్వార్ దెజోమ్ అనే సైట్‌లో చూడొచ్చు. సిపాయిలకి సైన్యంలో మారుపేర్లు ఉండేవి, పువ్వు అనో నిశ్చింత అనో అర్థం వచ్చేవి, అసలు పేరు తర్వాత డి, ఐ, టి అని రాసి ఆ పేరు చేర్చేవారు. కెనడాలోని క్వెబెక్‌లో ఆ మారుపేర్లే తర్వాత వంశనామాలైపోయాయి, ఒకే కుటుంబం రెండు పేర్లతో చీలింది కూడా. ఇక్కడ కూడా డి, ఐ, టి కనబడితే రెండు పేర్లతోనూ వెతకండి. వంశనామం ముందు "ద" ఉంటే జమీందారీ వంశమని మురిసిపోవాల్సిన పనిలేదు, చాలాసార్లు అది ఊరి గుర్తు మాత్రమే. పోర్చుగీసు పోలిక ఉన్న పేరు తగిలితే తొపాసి కుటుంబమేమో చూడండి, టోపీ పెట్టుకునే మిశ్రమ సంతతి వాళ్ళని అలా పిలిచేవారు.

హైదరాబాద్ వాళ్ళు రేమాఁ దొర పేరు చెప్తారు, మూసారాంబాగ్ ఆయన పేరు మీదే. ఆ ఫ్రెంచి సేనాని నిజాం కొలువులో ఉండి 1798లో పోయాడు. ఆయన దళంలో ఉన్నవాళ్ళు నిజాం ఉద్యోగులు, ఫ్రెంచి వలస పౌరులు కారు, యానాం రిజిస్టర్లలో వాళ్ళని వెతకడం దండగ. మచిలీపట్నం ఫ్రెంచిపేట సంగతి వేరు, అది 1947 అక్టోబరు దాకా ఫ్రెంచివాళ్ళదే.

ఓడెక్కి వెళ్ళినవాళ్ళ కోసం

రీయూనియన్ దీవికి 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలు వెళ్ళారు. ఆ తర్వాత 1853లో మార్టినిక్‌కి, 1854లో గ్వాడలూప్‌కి మొదటి భారతీయుల ఓడలు వెళ్ళాయి. మీరు అక్కడి సంతతి అయినా, మన ఇంటి నుంచి వెళ్ళిపోయిన తమ్ముడి కొమ్మని వెతుకుతున్నా, పట్టుకోవాల్సింది కూలీ నంబరుని. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో తండ్రి పేరు, వయసు, ఊరు రాశారు, ఆ పుస్తకాలు ఆయా దీవుల జిల్లా దస్తర కార్యాలయాల్లో ఉన్నాయి. ఇక్కడ ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోకండి. ఓడ దగ్గర అడిగింది ఒక్క పేరే, అదే దీవిలో పిల్లలకి వంశనామం అయిపోయింది. అంటే అక్కడి ఇంటిపేరు ఇక్కడి ఒక తాత సొంత పేరు. మలబార్ అని రాసి ఉంటే కేరళ అనుకోకండి, రీయూనియన్‌లో దక్షిణాది వాళ్ళందరికీ అదే ముద్ర, తెలుగువాళ్ళకి కూడా. మారిషస్ అప్పటికి బ్రిటిష్ వాళ్ళది, ఆ వలస కాగితాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి, కొందరి ఫోటోలు కూడా.

దగ్గరి కాలం, జాతీయత

20వ శతాబ్దపు పత్రాలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉండవు. ఫ్రెంచి చట్టం ప్రకారం జనన, వివాహ రిజిస్టర్లు 75 ఏళ్ళు, మరణాలవి 25 ఏళ్ళు దాటాకే ఎవరైనా చూడొచ్చు. అంతకన్నా దగ్గరివి కావాలంటే ఫ్రెంచి విదేశాంగశాఖకి నాంత్ నగరంలో ఉన్న కేంద్ర పౌర నమోదు కార్యాలయానికి రాయండి. ఫారం ఆన్‌లైన్‌లోనే ఉంది, రుసుము లేదు. పేరు ఫ్రెంచి స్పెల్లింగ్‌లో, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, సంవత్సరం, మీకు వాళ్ళతో ఉన్న బంధుత్వం రాయాలి. ఇక్కడ యానాం మున్సిపాలిటీ, సెయింట్ ఆన్స్ చర్చి, పాండిచ్చేరిలో భారత జాతీయ అభిలేఖాగారం కేంద్రం ఉన్నాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి ఏ సంవత్సరాలు చూపిస్తారో కనుక్కోండి.

ముత్తాత ఫ్రెంచి పౌరుడని తేలితే పాస్‌పోర్టు వస్తుందా అని అందరూ అడుగుతారు. అంత తేలిక కాదు. 1962 ఆగస్టు 16 నాటికి ఇక్కడే పుట్టి ఇక్కడే కాపురం ఉన్నవాళ్ళు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ఫ్రెంచి జాతీయత కోరుకోవాలి, లేకపోతే భారతీయులు. రెనోన్సాఁ అయినా అంతే. అంటే మీకు కావల్సింది ముత్తాత జనన పత్రం కాదు, ఆ ఆరు నెలల్లో సంతకం పెట్టిన కాగితం. అది ఉందో లేదో చూడకుండా బ్రోకర్లకి డబ్బు కట్టకండి.

రాసిపెట్టుకోవడం

ప్రతి మనిషికీ ఒక పేజీ పెట్టండి. పేరు పత్రంలో ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే రాయండి, కింద మీరు అనుకుంటున్న తెలుగు పేరు వేరుగా రాయండి. ఊరు, సంవత్సరం, పత్రం నంబరు, సైట్‌లో పేజీ బొమ్మ నంబరు పక్కనే ఉండాలి, లేకపోతే ఆరు నెలల తర్వాత మళ్ళీ మొదటి నుంచి తిప్పుకోవాలి. ఇంట్లో విన్నమాటకి ఒక రంగు సిరా, కాగితంలో చూసినదానికి ఇంకో రంగు వాడండి. జీనియానెట్ లాంటి సైట్లలో వేరేవాళ్ళు పెట్టిన వంశవృక్షం మీదానితో కలిస్తే దాన్ని మొదటి రంగులోనే రాయండి, వాళ్ళు చూపించిన పత్రాన్ని మీ కళ్ళతో చూసేదాకా.